మా పదకోశానికి సర్వర్ కుదిరేదాకా: నా అనుభవం

సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి నాకు టెన్షన్ మొదలయ్యేది. మేం నలుగురం కలిసి నడిపే ఆన్‌లైన్ పదకోశం సరిగ్గా ఆ వేళకే మొరాయించేది. పగలంతా బాగానే ఉండేది. జనం పనులు ముగించుకుని కూర్చునే వేళకి పేజీ తెరుచుకోవడానికి ఆరేడు సెకన్లు పట్టేది. ఇంకాసేపటికి 508 అనే ఎర్రర్ వచ్చేది. మీకిచ్చిన వాటా అయిపోయింది అని దానర్థం. పదం వెతుక్కోవడానికి వచ్చినవాళ్లు రెండుసార్లు ప్రయత్నించి వెళ్లిపోయేవాళ్లు. 1,40,000 పదాలు, వాటిని వాడిన తీరు చూపే ఆరు లక్షల దాకా ప్రయోగాలు, అన్నీ మనుషులు కూర్చుని ఎక్కించినవి. అంత పనీ అవసరమైన వేళకి అందకపోతే ప్రాణం ఉసూరుమనేది.

అప్పట్లో మాది షేర్డ్ హోస్టింగ్. ఒకే మెషిన్ మీద వందల సైట్లు ఉంటాయి. ఒక్కో ఖాతాకి ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ, ఒకేసారి ఇన్ని ప్రాసెస్‌లు అని హద్దు గీసి ఉంటుంది. దాన్ని తప్పుపట్టను. సర్వర్ నిర్వహణలో ఓనమాలు కూడా రాకుండానే మూడేళ్లు దాని మీద బండి నడిపాం. చిక్కల్లా లోపల ఏం జరుగుతోందో చూసే వీలు లేకపోవడమే. ఏ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) నెమ్మదిగా ఉందో లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీసి చూద్దామంటే అనుమతి ఉండదు. సపోర్ట్‌కి రాస్తే పెద్ద ప్లాన్‌కి మారండి అన్న జవాబే వచ్చేది. మారితే తగ్గుతుందా అని అడిగితే ఆ సంగతి వాళ్లకీ తెలియదు. చివరికి సొంతంగా వీపీఎస్ తీసుకుందామని నిర్ణయించుకున్నాం. వీపీఎస్ అంటే పెద్ద మెషిన్‌లో మనకంటూ కేటాయించిన వర్చువల్ మెషిన్. అందులో ఏది పెట్టాలో, ఏది తీసెయ్యాలో అంతా మన చేతిలో ఉంటుంది, తప్పు జరిగితే బాధ్యత కూడా మనదే.

మొదటి వీపీఎస్ తొందరలో తీసుకున్నాం. రెండు కోర్లు, 4 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ డిస్క్. కాగితం మీద చూస్తే మా అవసరానికి మించే ఉంది. డేటాబేస్‌ని పాత చోట డంప్ తీసి, అంటే మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి దించి, కొత్త సర్వర్‌లోకి ఎక్కించాను. సైట్ తెరిచి చూస్తే గుండె జారిపోయింది. ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ వింత గుర్తులు.

కాసేపు ఊరికే స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఒక్కటి గమనించాను. ఒక్కో అక్షరం చోట మూడేసి గుర్తులు ఉన్నాయి. మూడింటిలో మొదటిది ఎక్కడ చూసినా ఒకటే, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం. రెండోది డిగ్రీ గుర్తు గానీ, ప్లస్-మైనస్ గుర్తు గానీ. మూడోది మాత్రమే మారుతోంది. అక్షరాలు పోలేదని అప్పుడు అర్థమైంది. ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. నా కళ్ల ముందున్నవి ఆ బైట్లే. వాటిని ఎవరో లాటిన్-1 (ఒక్కో బైటుని ఒక్కో అక్షరంగా తీసుకునే పాత పద్ధతి) అనుకుని విడివిడిగా చదువుతున్నారు, అంతే.

కారణం మూడేళ్ల కిందట మేం చేసిన పనిలోనే ఉంది. పాత డేటాబేస్‌లో టేబుళ్లు లాటిన్-1 అని ప్రకటించి ఉన్నాయి, మా ప్రోగ్రాం కూడా దాంతో లాటిన్-1లోనే మాట్లాడుతోంది. లోపలికి వెళ్లేవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నంత కాలం పైకి అంతా సవ్యంగానే కనపడింది. డంప్ తీసేటప్పుడు మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ తన ధర్మంగా లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8కి మార్చింది. అలా ఒకసారి మారాల్సినవి రెండుసార్లు మారాయి. డంప్‌ని లాటిన్-1గానే తియ్యమని చెప్పి, ఆ ఫైల్‌లో టేబుళ్ల ప్రకటనలు, కనెక్షన్ సెట్టింగ్ రెండూ యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి ఎక్కిస్తే అక్షరాలు తిరిగొచ్చాయి. యూటీఎఫ్8ఎంబీ4 అనే ఎందుకంటే, మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అన్నది చాలాకాలంగా మూడు బైట్ల దాకానే పడుతుంది. తెలుగుకి అది చాలు, ఎవరైనా ఎమోజీ పెడితే మాత్రం నాలుగో బైటు దగ్గర ఆగిపోతుంది. సర్వర్ మారుతున్న తెలుగు సైట్లవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఇదే. పాత ఖాతా మూసెయ్యకముందే డంప్ ఎక్కించి, మీ కళ్లతో నాలుగు పేజీలు చదవండి.

అక్షరాలు కుదిరాయి, వేగం మాత్రం కుదరలేదు. పొద్దున పేజీ అర సెకనులో వచ్చేది, సాయంత్రమైతే మళ్లీ ఐదు సెకన్లు. సర్వర్ మీద భారం చూపే టాప్ కమాండ్ తెరిచి కూర్చున్నాను. పైన ప్రాసెసర్ వరసలో చివర ఎస్‌టీ అనే అంకె ఒకటి ఉంటుంది. అంతకుముందు దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. పగలు ఒకటో రెండో ఉన్నది, ఏడు దాటాక 25, 30 అవుతోంది. ఎస్‌టీ అంటే స్టీల్. మన వర్చువల్ మెషిన్ పనికి సిద్ధంగా ఉన్నా, అసలు ప్రాసెసర్ వేరేవాళ్ల పనిలో ఉండటం వల్ల ఎదురుచూసిన సమయం. ఉన్న కోర్లకి మించి చాలామందికి అమ్మిన మెషిన్ అన్నమాట. మా కోర్లలో దాదాపు మూడో వంతు సాయంత్రాలు మాకు దక్కడం లేదు. మా వైపు ఏ సెట్టింగ్ మార్చినా ఇది పోదు. అక్కడి నుంచి వెళ్లిపోవడమే మార్గం.

రెండోసారి తొందరపడలేదు. గంటల లెక్కన అద్దెకిచ్చే మూడు కంపెనీల్లో ఒకే సైజు మెషిన్లు తీసుకుని, రెండు రోజులు వదలకుండా పరీక్షించాం. ఎస్‌టీ అంకెని నిమిషానికోసారి ఫైల్‌లో రాయించాం. డిస్క్‌ని ఎఫ్ఐఓ అనే పరికరంతో పరీక్షించాం. సెకనుకి ఇన్ని వందల ఎంబీ చదువుతుంది అన్న ప్రకటన అంకె మాలాంటివాళ్లకి పనికిరాదు. డేటాబేస్ చదివేవి అక్కడొకటి అక్కడొకటి చిన్న చిన్న ముక్కలు. అందుకే 4 కేబీ ముక్కలు యాదృచ్ఛికంగా చదివించి చూశాం. రాత పరీక్షలో ఇంకో విషయం బయటపడింది. మైఎస్‌క్యూఎల్‌లో డేటాని దాచే భాగమైన ఇన్నోడీబీ, మామూలు సెట్టింగ్‌లో ప్రతి కమిట్‌కీ (మార్పు ఖాయమైన ప్రతిసారీ) లాగ్‌ని డిస్క్‌లోకి నిజంగా దించి, దిగింది అని జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఒక కంపెనీ డిస్క్ చదవడంలో అందరికన్నా ముందుంది గానీ, ఈ దించే పనికి మిగతా రెండింటి కన్నా ఎనిమిది రెట్ల సమయం తీసుకుంది. ఎవరైనా ప్రయోగం చేర్చి సేవ్ నొక్కిన ప్రతిసారీ ఆ ఆలస్యం తగులుతుంది. దాన్ని పక్కనపెట్టేశాం.

మిగిలిన రెండింటికీ ఒకే ప్రశ్న రాశాను. స్నాప్‌షాట్‌ని (మెషిన్ మొత్తానికి తీసిన నకలు) వేరే డేటా సెంటర్‌లో రీస్టోర్ చెయ్యొచ్చా అని. ఒకరు నలభై నిమిషాల్లో, ఎలా చెయ్యాలో, ఎంతసేపు పడుతుందో రాసి పంపారు. రెండోవాళ్లు మరుసటి రోజు ఒక సహాయ పేజీ లింకు పంపారు, అందులో నా ప్రశ్నకి జవాబు లేదు. కష్టంలో ఉన్నప్పుడు ఎలా పలుకుతారో కొనకముందే తెలిసిపోయింది.

సర్వర్ ఎక్కడుండాలన్నది కూడా అప్పుడే తేలింది. మా పాఠకుల్లో ఎక్కువమంది ఒకే ప్రాంతం వాళ్లు. పాత సర్వర్ మరో ఖండంలో ఉండేది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పదివేల కిలోమీటర్ల దూరమంటే వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 100 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా వెయ్యరు కాబట్టి మాకు పింగ్‌లో (వెళ్లి వచ్చే సమయం కొలిచే పరీక్ష) 180 వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లకి కనెక్షన్ కలవడానికి ఒక రాకపోక, గుప్తంగా మాట్లాడుకోవడానికి వాడే టీఎల్ఎస్ 1.3కి ఒకటి, పేజీ అడగడానికి ఇంకొకటి. మొత్తం మూడు, అంటే సర్వర్ ఆలోచించే సమయం కలపకుండానే అర సెకను దాటిపోతుంది. పాత టీఎల్ఎస్ 1.2 అయితే ఇంకోటి అదనం. దగ్గర్లోని డేటా సెంటర్‌లో పింగ్ 25. అదే మూడు రాకపోకలకీ 75 మిల్లీసెకన్లు. ఏ సెట్టింగూ తాకకుండానే ఇంత లాభం ఇంకెక్కడా రాలేదు.

మారడం ఈసారి హాయిగా జరిగింది. రెండు రోజుల ముందే డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ) టీటీఎల్‌ని, అంటే పాత చిరునామాని గుర్తుంచుకునే గడువుని, 300 సెకన్లకి తగ్గించాం. దాంతో చిరునామా మార్చిన కాసేపటికే దాదాపు అందరూ కొత్త చోటికి వచ్చేశారు.

ఆ రోజు సాయంత్రం ఎస్‌టీ సున్నా. ప్రాసెసర్ సగం ఖాళీ. అయినా పేజీలు ఆగుతున్నాయి! మా సైట్ ప్రోగ్రాంని నడిపే పీహెచ్‌పీ లాగ్ తెరిస్తే ఒకటే హెచ్చరిక పదేపదే కనిపించింది. మ్యాక్స్ చిల్డ్రన్ పరిమితి 5 నిండిపోయింది, పెంచే విషయం చూడండి అని. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం ఒకేసారి ఎన్ని అభ్యర్థనలు చూడాలో చెప్పే అంకె అది. మామూలుగా ప్యాకేజీతో వచ్చే అంకె 5. ఆరోవాళ్లు వస్తే క్యూలో నిలబడాల్సిందే. ఐదెక్కడ సరిపోతుంది అనుకుని 80 చేశాను. అదే ఊపులో డేటాబేస్ వాడుకునే మెమరీ వాటా (బఫర్ పూల్) కూడా 2 జీబీకి పెంచాను.

మర్నాడు రాత్రి మా జట్టులో చిన్నవాడు ఫోన్ చేశాడు. "అన్నా, సైట్ లేదు. డేటాబేస్ దానంతటదే ఆగిపోయింది." కెర్నల్ లాగ్‌లో ఒక్క వాక్యం ఉంది. మెమరీ అయిపోయింది, మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్‌ని చంపేశాం అని. మెమరీ పూర్తిగా నిండిపోతే లినక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ని బలివ్వాలి. సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్నే ఎంచుకుంటుంది. మా మెషిన్‌లో అది డేటాబేసే. లెక్క చూస్తే అలా జరగక తప్పదు. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 45 ఎంబీ దాకా తీసుకుంటోంది. 80 ప్రాసెస్‌లంటే 3,600 ఎంబీ. అంటే ఉన్న మెమరీ దాదాపు అంతా వాటికే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. సిస్టమ్‌కీ, వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌కీ, చిన్నాచితకా వాటికీ కలిపి 500 ఎంబీ. డేటాబేస్‌కి బఫర్ పూల్, పైఖర్చులు కలిపి 2,400. మిగిలింది 1,100 చిల్లర. దాన్ని 45తో భాగిస్తే 24. కొంచెం ఊపిరాడాలి కాబట్టి 18 పెట్టాను. అసలు ఎన్ని కావాలన్నది ఇంకో వైపు నుంచి కూడా తేల్చవచ్చు. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది. సెకనుకి సగటున ఎంతమంది వస్తారో, ఒక్కొక్కరికి సగటున ఎంతసేపు పడుతుందో గుణిస్తే, ఒకేసారి లోపల సగటున ఎంతమంది ఉంటారో వస్తుంది. మాకు రద్దీ వేళ సెకనుకి 12 అభ్యర్థనలు. సగటు సమయం ఒకటిన్నర సెకను. గుణిస్తే 18. అంటే 18 పెట్టినా అంచు మీదే ఉన్నాం, ఇంకో నలుగురు వస్తే మళ్లీ క్యూ. కానీ ఆ గుణకారాన్నే తిప్పి చూస్తే వేరే దారి కనిపించింది. మనుషుల్ని తగ్గించలేం, తగ్గించాలనీ లేదు. ఆ ఒకటిన్నర సెకనుని తగ్గిస్తే? 0.15 చేస్తే లోపల ఉండేది ఇద్దరే. అప్పుడు ఈ మెషిన్ మాకు కావలసినదానికన్నా పెద్దది.

నెలల తరబడి మేం ఇల్లు మారుస్తూ తిరిగింది ఈ ఒక్క ప్రశ్న అడక్కుండానే. ఒకటిన్నర సెకను ఎక్కడికి పోతోంది?

స్లో క్వెరీ లాగ్ పెట్టాను. మైఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా పది సెకన్లు దాటినవాటినే రాస్తుంది. దాన్ని అర సెకనుకి దించి ఒక సాయంత్రమంతా వదిలేశాను. మర్నాడు చూస్తే లాగ్‌లో పదింట ఏడు వరసలు ఒకే క్వెరీవి. ముఖపేజీలో కుడిపక్క ఇటీవలి మార్పులు అని పది వరసల చిన్న పెట్టె ఉంటుంది. దానిదే. ఒక్కోసారి 3.8 సెకన్లు తీసుకుంటోంది. క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి అడిగితే, మార్పుల చరిత్ర టేబుల్‌లో ఉన్న 11 లక్షల వరసలూ చదివి, ఆమోదం పొందినవి ఏరి, తేదీ ప్రకారం పేర్చి, పై నుంచి పది తీసుకుని మిగతాది పారేస్తోందని తేలింది. ముఖపేజీ తెరిచిన ప్రతివాళ్లకీ ఇదే తంతు. మొదట్లో ఆ టేబుల్‌లో వెయ్యి వరసలున్నప్పుడు ఎవరికీ తెలియలేదు. పదకోశం పెరిగేకొద్దీ ఆ పెట్టె బరువూ పెరిగింది.

ఆమోద స్థితి, తేదీ ఈ రెండూ కలిపి ఆ క్రమంలోనే ఒక ఇండెక్స్ (టేబుల్‌కి విషయసూచిక లాంటిది) వేశాను. అదే క్వెరీ 2 మిల్లీసెకన్లకి వచ్చింది. నమ్మలేక మళ్లీ మళ్లీ నడిపి చూశాను. ఆమోదం పొందినవన్నీ ఇండెక్స్‌లో ఒకచోటే, తేదీ వరసలోనే ఉంటాయి కాబట్టి చివర నుంచి పది లాగితే చాలు, పేర్చే పనే లేదు. తేదీ ముందు, స్థితి తర్వాత పెడితే ఆమోదం పొందనివాటిని కూడా దాటుకుంటూ వెళ్లాలి. క్రమం ముఖ్యం.

బఫర్ పూల్ గురించి రెండు ముక్కలు. ఇన్నోడీబీ డిస్క్ నుంచి తెచ్చినవాటిని మెమరీలో దాచుకునే చోటు అది. మామూలు విలువ 128 ఎంబీ. మా డేటాబేస్ 3 జీబీ. రోజూ తిరిగే భాగం అందులో సగం. 128లో అది పట్టక, ఇప్పుడే పారేసినదాన్ని మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకుంటూ ఉండేది. 2 జీబీ చేశాక డిస్క్ దాకా వెళ్లే చదువులు దాదాపు ఆగిపోయాయి. ఆ రాత్రి ప్రమాదం జరిగింది 2 జీబీ వల్ల కాదు, దాని పక్కన 80 పెట్టడం వల్ల. రెండూ ఒకే సంచిలోంచి తినేవని నేను మరిచిపోయాను.

లాగ్‌లో రెండో స్థానం వెతుకులాటది. పదం ముందూ వెనకా ఏమున్నా పరవాలేదు అని అడిగే లైక్ క్వెరీ. పదం మొదలు తెలియకపోతే ఇండెక్స్ ఉన్నా పనికిరాదు. తొలి అక్షరం తెలియకుండా అచ్చు నిఘంటువులో ఎలా వెతుకుతాం? అదీ అంతే. మా పాఠకులు మామూలుగా పదం మొదటి నుంచే టైప్ చేస్తారు. అందుకే మొదలు నుంచి వెతకడాన్ని మామూలు పద్ధతిగా పెట్టి, పదం మధ్యలో వెతకడానికి వేరే బటన్ ఇచ్చాం.

మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. పదాల జాబితాలో మూడు వేలో పేజీ, ఐదు వేలో పేజీ ఎవరు తెరుస్తారు? యాక్సెస్ లాగ్ చూస్తే బాట్‌లు, అంటే మనుషులు కాదు, ప్రోగ్రాంలు. అర్ధరాత్రి, తెల్లవారుజాము అని లేకుండా పేజీ తర్వాత పేజీ లాగుతున్నాయి. మా జాబితా ఆఫ్‌సెట్ పద్ధతిలో ఉండేది. ఐదు వేలో పేజీ కావాలంటే ముందున్న లక్ష వరసలూ చదివి వదిలేసి, ఆ తర్వాతి ఇరవై ఇస్తుంది. ఎంత లోపలి పేజీ అయితే అంత భారం. దాన్ని మార్చి, ఇంతకుముందు చూసిన చివరి పదం తర్వాతి ఇరవై ఇవ్వు అని అడిగేలా చేశాం. ఎన్నో పేజీ అయినా ఒకే సమయం. మాట వినే బాట్‌లకి రోబోట్స్ ఫైల్‌లో చెప్పాం. విననివాటికి ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కో చిరునామాకి సెకనుకి ఇన్ని అని హద్దు పెట్టాం. బాట్‌లన్నిటినీ తరిమెయ్యాలన్న మాట కూడా మా మధ్య వచ్చింది. నేను ఒప్పుకోలేదు. సెర్చ్ ఇంజిన్లు రాకపోతే పదం కోసం వెతికేవాళ్లు మా దాకా ఎలా వస్తారు?

లాగిన్ కానివాళ్లకి పదాల పేజీలు ఇంజిన్‌ఎక్స్ క్యాషె (తయారైన పేజీల నకళ్లు దాచే చోటు) నుంచి ఒక నిమిషం పాటు ఇచ్చే ఏర్పాటు కూడా చేశాం. ఇందులో ఒక్క జాగ్రత్త. పరీక్షిస్తున్నప్పుడు ఇంకో బ్రౌజర్‌లో, లాగిన్ కాకుండా పేజీ తెరిస్తే పైన నా పేరు కనిపించింది. నాకోసం తయారైన పేజీ క్యాషెలో పడి అందరికీ వెళ్తోంది. పాఠకుల దాకా వెళ్లకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. సెషన్ కుకీ (లాగిన్ అయినట్టు బ్రౌజర్ చూపే గుర్తు) ఉంటే క్యాషె నుంచి ఇవ్వొద్దు, క్యాషెలో దాచనూ వద్దు, ఈ రెండు నియమాలూ పెట్టాలి. నేను మొదటిదే పెట్టి రెండోది వదిలేశాను.

బ్యాకప్ మాట చెప్పకుండా ఉండలేను. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ ఒకటి మంటల్లో పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లలో కొందరికి ఏమీ మిగల్లేదు. ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి నా మనసులో అది ఉండిపోయింది. మా డంప్ రోజూ రాత్రి వేరే కంపెనీ నిల్వకి, వేరే ఊరికి వెళ్తుంది. తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెడతాం, అందువల్ల ఇన్నోడీబీ టేబుళ్లకి తాళం పడదు, రాసేవాళ్లు ఆగక్కర్లేదు. నెలకోసారి గంటల అద్దెకి ఒక మెషిన్ తీసుకుని, ఆ డంప్ దాంట్లో ఎక్కించి, సైట్ లేపి చూస్తాం. ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. చివర్లో జట్టులో ఒకరు యాభై పదాలు తెరిచి చదువుతారు. మొదటిసారి ఆ వింత గుర్తులు చూసినవాణ్ణి కదా, ఫైల్ సైజు చూసి తృప్తిపడటం నావల్ల కాదు.

ఇప్పుడు రద్దీ వేళ పీహెచ్‌పీ సగటు సమయం 140 మిల్లీసెకన్లు. మ్యాక్స్ చిల్డ్రన్ 18లో ఒకేసారి ఐదుకి మించి పని చేయడం నేను చూడలేదు. పెద్ద మెషిన్‌కి మారదాం అని ఎవరూ అనడం లేదు.

మిగిలిందల్లా పదం మధ్యలో వెతకడం. ఆ బటన్ నొక్కితే ఇప్పటికీ రెండు సెకన్లు పడుతోంది. వేరే సెర్చ్ ఇంజిన్ పెడదామని మావాడు అంటున్నాడు. అది పెడితే దానికే 1 జీబీ మెమరీ కావాలి. ముందు ఆ బటన్ రోజుకి ఎంతమంది నొక్కుతున్నారో లాగ్‌లో రాయిస్తున్నాం. మూడు వారాలుగా చూస్తున్నాం, ఏ రోజూ నలభై దాటలేదు.